నాలుగో కుల్ల

నా చిన్నోడి తలకు తొడిగే కుల్ల నాడాలు గడ్డం కింద అందలేదు. లాగి చూశాను. రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకాయి గానీ ముడి వేయడానికి ఏమీ మిగల్లేదు. దసరాకు ఇదే కుల్ల తొడిగినప్పుడు పువ్వుముడి వేసినా నాడాలు ఇంకా వేలాడుతుండేవి.

ఉతికితే బట్ట కుంచించుకుపోయిందనుకున్నాను. అలా అనుకోవాలని ఉండింది. కానీ ఆ కుల్ల కుట్టింది మా అత్త వజ్రమ్మ పాత నూలు చీరతో. మా దిక్కు పసిపిల్లలకు మొదట కొత్తబట్ట తొడగరు. పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన చీర చింపి కుడతారు. ఏండ్ల తరబడి బండకేసి ఉతికిన చీర అది. కుంచించుకుపోవడానికి అందులో ఇంకేం మిగిలి ఉంటుంది?

అదే చీరతో అదే రోజు కుట్టిన జుబ్బా మాత్రం వాడి ఒంటి మీద ఇంకా వదులుగానే ఉంది. భుజం దగ్గర నా వేళ్లు దూరుతున్నాయి. ఒళ్లు పెరగలేదు, తల పెరిగింది. ఆ మాట పైకి అనకుండా ఇంకో కుల్ల కత్తిరించుకున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. మా అమ్మకు నడుము పడిపోతే ఇంట్లో వండిపెట్టే మనిషి కావాలన్నారు. అప్పటి నుంచి చేతికి సూదే తోడు. జుబ్బాలు, లాగులు, కుల్లలు నాకు కష్టం కాదు. కొలత ఒక్కటే ఇబ్బంది. పసివాణ్ణి టేపుతో కొలిస్తే ఎదగడని అత్త నమ్మకం. అందుకని పాత కుల్లను బట్ట మీద పరిచి, చుట్టూ వేలెడు ఎక్కువ వదిలి కత్తిరించాను. నుదుటి మీదికి ఎర్రదారం కుచ్చు వేలాడదీశాను. వాడు కళ్లు పైకెత్తి దాన్నే చూసేవాడు, కాళ్లూ చేతులూ ఆడించేవాడు.

మర్నాడు అత్త వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం పోస్తూ మురిసిపోయింది.

"ఓ వసంతా, గీ తల సూడు. మా మామ తల గిట్లనే గుమ్మడికాయ లెక్కుండె. ఎవలింట్ల పంచాయితీ అయినా ఆయన్నే పిలిచేటోళ్లు."

"జర ఎక్కువ పెద్దగ అనిపిస్తలేదా అత్తమ్మా?"

"పెద్దగ గాక, నిమ్మకాయంత ఉంటదా? కన్నతల్లి కన్నే ముందుగాల తగులుతది పోరనికి. నోరు మూసుకొని సబ్బందియ్యి."

సబ్బు అందించాను. కార్తీకం దాటకముందే రెండో కుల్ల కూడా చాలలేదు.

ఆశా వర్కర్ శోభారాణి అక్క త్రాసు పట్టుకుని వచ్చింది. వాణ్ణి బట్టలో వేసి వేలాడదీసి ముల్లు చూసింది. "వజ్రమ్మవ్వా, మనుమడు మంచిగ బరువెక్కిండు" అంది. అత్త ముఖం వెలిగింది. ఆ బరువంతా ఎక్కడ ఎక్కిందో నాకు తెలుసు. జుబ్బా ఇంకా మొదటిదే.

"తల కూడ కొలుస్త. జర పట్టుకో వసంతా" అని అక్క సంచిలోంచి టేపు తీసింది.

"ఏయ్, ఆ పట్టీ లోపల వెట్టు!" అత్త వాణ్ణి లాక్కుని కొంగు కప్పింది. "పీనుగను కొలిసినట్టు నా మనుమన్ని కొలుస్తవా?"

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. కొలవాల్నా, వద్దా?"

టేపు ఏం చెబుతుందో నాకు తెలుసు. ఆ అంకె అక్క నోటి నుంచి వినే ధైర్యం లేదు. "మళ్లొచ్చినప్పుడు కొలుద్దాం తీ అక్కా" అన్నాను. ఆమె టేపు చుట్టి సంచిలో వేసుకుంది గానీ, గడప దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

మూడో కుల్ల తొడిగిన రోజుల్లోనే వాడి కళ్లు కిందికి వాలిపోయాయి. పైన తెల్లగుడ్డు కనిపిస్తూ, నల్లగుడ్డు సగం కింది రెప్పలోకి మునిగి ఉండేది. కుచ్చు ఊపితే చూడలేదు. బుగ్గకు ఆనించినా చూడలేదు.

ఆ పొద్దు కూడా అత్తే స్నానం పోసింది. తల తుడుస్తూ నడినెత్తి మీద అరచెయ్యి పెట్టి మళ్లీ మళ్లీ తడిమింది. అప్పుడర్థమైంది, ఆమె కూడా భయపడుతోందని.

"పిల్లా, ఈపాలి వదులు వెయ్యకు" అంది మెల్లగా. "రెండు పొరలు వెట్టి గట్టిగ కుట్టు. బిగువుగుంటే తల అక్కన్నే ఆగుతది. పొట్లకాయకు రాయి కడితే సక్కగ పెరుగుతలేదా?"

ఆ మాట నేనూ నమ్మాను. నమ్మడానికి ఇంకేమీ కనిపించలేదు. నా భర్త నగేశ్ పాత ప్యాంటు చింపి లోపలి పొర వేశాను, పైన అత్త చీర. కుట్టు మీద కుట్టు వేశాను. నాడాలు వెడల్పుగా పెట్టాను.

కట్టిన కాసేపటికే వాడు ఏడ్చాడు. ఆకలి ఏడుపు కాదు, అలాంటి గొంతు నేనెప్పుడూ వినలేదు. పాలన్నీ కక్కేశాడు. నడినెత్తి దగ్గర బట్ట కింద నుంచి ఉబ్బి కనిపిస్తోంది. ముడి విప్పబోతే ఇంకా బిగిసింది. కత్తెర తెచ్చి చెవి పక్క నుంచి దూర్చాను. నేను వేసిన కుట్టు నా కత్తెరకే తెగలేదు. ప్యాంటు గుడ్డ నలుగుతోంది తప్ప తెగడం లేదు. ఎలాగో కోసి తీసేసరికి వాడి నుదుటి మీద నా కుట్లన్నీ వరుసగా అచ్చు పడి ఉన్నాయి.

అత్త గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది.

నగేశ్ కేసముద్రం మార్కెట్ యార్డులో లారీలకు బస్తాలు ఎత్తుతాడు. తలనిండా పత్తి దూదితో ఇంటికొచ్చాడు. నాలుగు కుల్లలూ చాప మీద వరుసగా పెట్టాను.

"ఏందే గివి?"

"నీ కొడుకు తల."

మొదటిది తీసి పిడికిలికి తొడుక్కున్నాడు. తర్వాత రెండోది, మూడోది. కోసిన దాన్ని పట్టుకుని చాప మీద కూర్చున్నాడు.

"ఎప్పటి సంది?"

"దసరా సంది."

"నాకెందుకు చెప్పలే?"

"దినాం ఎత్తుకుంటున్నవు గదా. నీ చేతులకు తెలువలేదా?"

అతను తలలో దూది ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాడు. "పొద్దుగాల రైలుకు పోదాం" అన్నాడు చివరికి.

మహబూబాబాద్ దవాఖానలో చూసి, తల లోపలి ఫోటో తీయించాలని వరంగల్‌కు పంపారు. అక్కడి డాక్టరమ్మ, ఎప్పటి నుంచి పెరుగుతోందని అడిగింది. సంచిలోంచి కుల్లలు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని పక్కకు నెట్టలేదు. కాసేపు చూసింది.

"తలలో నీరు చేరుతోందమ్మా. సన్నటి పైపు వేసి దాన్ని కడుపులోకి దించాలి."

"తల మళ్ల చిన్నగైతదా మేడం?"

"ఇంకా పెరగకుండా చూస్తాం."

"కండ్లు?"

"చూపు సంగతి ఇప్పుడే చెప్పలేను."

"ఇంకింత ముందుగాల తెస్తే?"

ఆమె చీటీ రాస్తూ ఉండిపోయింది.

ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చుకున్నాం. కుడి చెవి వెనక చర్మం కింద పైపు, రవిక అంచులో కుట్టిన దారంలా ఉబ్బి కనిపిస్తుంది. కళ్లు పైకి వచ్చాయి. కానీ దేని మీదా నిలవవు. నా ముఖం మీద కూడా.

శోభక్క వస్తే అత్తే ఎదురెళ్లింది. "కొలువు బిడ్డా. మంచిగ కొలువు" అని టేపు ఒక కొస తానే పట్టుకుంది. టేపు జారితే మళ్లీ పట్టుకుంది.

కొత్త కుల్ల కుట్టాను. కుడివైపు కుట్టు రాకుండా ఒకే ముక్క వేశాను. వదులు పెట్టలేదు. ముడికి సరిపోయేంత చూసుకుని నాడాలు కత్తిరించేశాను. ఏ తల్లయినా బిడ్డ పెరుగుతాడని నాలుగు వేళ్లు ఎక్కువే వదులుతుంది. నేను మాత్రం ఈ కుల్ల ఎన్నటికీ చిన్నది కావద్దని మొక్కుతున్నాను.

అలవాటుగా ఎర్ర కుచ్చు కట్టబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. వాడి మొలతాడు నుంచి వెండి గజ్జె ఒకటి విప్పి నా ఒళ్లో వేసింది.

"కుచ్చు వద్దు. గిది కుట్టు."

ఎడమవైపు కుట్టి, కుల్ల తొడిగి, వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. అత్త వంగి గజ్జె కదిపింది. ఏమీ లేదు. మళ్లీ కదిపింది. వాడి తల మెల్లగా ఎడమవైపుకు ఒరిగింది.

"తిరిగిండు! సూసినవా వసంతా? సప్పుడు దిక్కు తిరిగిండు!"

"సూసిన అత్తమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. వాడి బరువుకు తిమ్మిరెక్కి, అప్పుడే మెడ కింద నా చెయ్యి సర్దుకున్న సంగతి ఆమెకు చెప్పలేదు. గజ్జె ఊడిపోకుండా దారం ఇంకో రెండు చుట్లు తిప్పి ముడి వేశాను.