సాక్షి సంతకం

డారెల్, నీల్ ఇద్దరూ అమెరికావాళ్లు. సౌదీలో, రాబిగ్ ఫ్యాక్టరీలో ఇంజినీర్లు. జెద్దాలో ఒకే కాంపౌండులో ఉంటారు. పొద్దున రాబిగ్ తీసుకెళ్లి సాయంత్రం వెనక్కి తేవడం నా పని. పోను గంటన్నర, రాను గంటన్నర. ఎనిమిదేళ్లుగా వాళ్ల మాటలు వింటున్నాను. డ్రైవరుకి చెవులుండవని వాళ్ల నమ్మకం.

ఇద్దరిదీ విస్కాన్సిన్ రాష్ట్రమే. డారెల్‌ది పల్లెటూరు. తండ్రికి పాడి ఉండేది, అమ్ముకున్నారు. నీల్‌ది మిల్వాకీ నగరం. అక్కడ ఎన్నికలొస్తే ఇద్దరికీ ఓటు కాగితాలు కంప్యూటర్లో వస్తాయి. ప్రింటు తీసి, నింపి, కొరియర్లో పంపాలి. అయితే ఒక పద్ధతి ఉంది. ఓటరు ఒక సాక్షి ఎదుట కాగితం నింపి కవరులో పెట్టాలి. ఎవరికేశాడో సాక్షి చూడకూడదు. వేసింది ఇతనేనని కవరు మీద సంతకం పెట్టి అడ్రసు రాయాలి. అది లేకపోతే ఓటు చెల్లదు.

ప్రతిసారీ నీల్ కవరు మీద డారెల్, డారెల్ కవరు మీద నీల్ సంతకం పెట్టేవారు. కారు బానెట్ మీద పెట్టుకుని, నవ్వుకుంటూ. వేసేది ఎదురెదురు పార్టీలకే. అయినా నవ్వుకునేవారు.

ఈ ఏడు అది ఆగిపోయింది.

ఆగస్టులో డారెల్‌కి ఇంటి నుంచి కబురొచ్చింది. వాళ్ల ఊరి ఆసుపత్రి మూసేస్తారట. నిలవాలంటే పన్ను పెంచుకోవడానికి జిల్లా జనం ఓటేసి ఒప్పుకోవాలి. డారెల్ కూతురు కడుపుతో ఉంది.

"తర్వాతి ఆసుపత్రి గంటన్నర. మనం రోజూ తిరిగేంత దూరం," అన్నాడు డారెల్.

నీల్ ఫోనులోంచి తలెత్తలేదు. "మీవాళ్లు ముప్ఫై ఏళ్లుగా ఓటేసింది పన్నులొద్దనేవాళ్లకేగా. వేసిన ఓటుకి రావాల్సిందే వచ్చింది. ఇప్పుడు ఏడుపెందుకు?"

"నేను నా కూతురి గురించి మాట్లాడుతున్నా."

"నేను ఓటర్ల గురించి."

"మీ ఊళ్లో రోజుకొకడు తుపాకీ గుండుకి చస్తాడు. నేనెప్పుడైనా ఆ మాటన్నానా? ఇకమీదట అంటాను. చావనీ."

"టీవీలో చూశావా?"

"ఒక్క వారం మీకు పాలాపితే తెలుస్తుంది, మేమెవరమో."

"పాలు ఈ ఎడారిలో కూడా తీస్తున్నారు డారెల్."

అంతే. మర్నాటి నుంచి డారెల్ ముందు సీట్లో, నా పక్కన కూర్చున్నాడు. వెనక నీల్ ఒక్కడే.

వేసిన ఓటుకి రావాల్సిందే వచ్చింది. ఆ మాట నాకు కొత్త కాదు. నా భార్య మణిని పొలంలో పాము కరిచింది. మా ఊరికీ భీమవరం రోడ్డుకీ మధ్య గోదావరి పాయ ఉంది. వంతెన లేదు. బల్లకట్టు అవతలి గట్టున ఉంది. నడిపేవాడు భోజనానికి పోయాడు. నలభై నిమిషాలు. అప్పుడు నేనిక్కడ ఇదే కారు తుడుస్తున్నాను. సెలవు మీద వెళ్లి, పాతిపెట్టిన చోటు చూసి, వంతెన కోసం అర్జీ పట్టుకుని పట్నంలో నాయకుడి దగ్గరికి పోయాను.

"మీ పేటంతా వాళ్లకేగదయ్యా గుద్దింది? వేసిన ఓటుకి రావాల్సిందే వచ్చింది. పోయి వాళ్లనే అడుగు," అన్నాడు. టీ తాగుతూ అన్నాడు.

మరుసటి ఏడు ఓటర్ల జాబితాలో మణి పేరు కొట్టేశారు. ఇంటికి తాళం ఉందని నా పేరూ కొట్టేశారు.

అక్టోబరులో ఒక బుధవారం డారెల్ అడిగాడు. "జెరెమయా, నాకు సాక్షి సంతకం పెడతావా? ఏ దేశంవాడైనా చెల్లుతుందట." నా పేరు యిర్మీయా. బైబిల్లో అది తమ జెరెమయానే అని అతనికి తెలుసు. నా ఎదుటే నింపాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. కవరు అంటించాక సంతకం పెట్టి, అడ్రసు రాశాను.

ఆ సాయంత్రం మెస్సులో ఓబులేసుకి చెప్పాను. అతను కడప మనిషి, ఎదురుగా కూర్చుని తింటున్నాడు.

"ఏం యిర్మీయన్నా, అమెరికా ఎలచ్చన్లకు నువ్వే పెద్దమనిషంటనే?"

"నోర్మూసుకుని తిను."

"ఊర్లో మన ఓటుకే దిక్కు ల్యా, ఈయప్ప దొరల ఓటుకు జామీను! బిర్యానీ పొట్లమన్నా ఇచ్చినాడా?"

ఇవ్వలేదు. అయినా నాకు బాగానే ఉంది. చాలా ఏళ్లకి నా పేరు ఓటు దగ్గర ఉంది.

గురువారం తిరుగు ప్రయాణంలో జెద్దా కొరియర్ ఆఫీసు ముందు ఆపాను. డారెల్ నీళ్లు కొనడానికి పక్క కొట్టుకి వెళ్లాడు. నీల్ వెనక సీట్లోంచి ముందుకి వంగాడు.

"జెరెమయా, నాకూ ఒక సంతకం పెట్టు. ఇవాళ పోకపోతే గడువుకి చేరదు. కాంపౌండులో నాకు తెలిసినవాళ్లంతా సెలవు మీదున్నారు."

"నాకు ఇంగ్లీషు రాయడం రాదు సార్."

"నిరుడు లైసెన్సు ఫారం నువ్వే నింపావు. నేను చూశాను."

"ఇప్పుడు రాదు సార్."

"పద్దెనిమిదో ఏటి నుంచి ఒక్క ఓటు తప్పలేదు నాకు." గొంతు తగ్గింది. "ప్లీజ్."

అద్దంలో అతని ముఖం చూశాను. బల్లకట్టు అవతలి గట్టున ఉంటే ఎలా ఉంటుందో తెలియనీ అనుకున్నాను.

డారెల్ మూడు సీసాలతో వచ్చాడు. నీల్ ఒళ్లో కవరు చూశాడు. నన్ను చూశాడు.

"నాకు పెట్టావుగా. ఆయనకెందుకు పెట్టవు?"

"ఆగస్టులో ఆయనన్న మాట నేనూ విన్నాను సార్." పాము, పాయ, నలభై నిమిషాలు, నాయకుడు. నాలుగు ముక్కల్లో చెప్పాను. నా ఇంగ్లీషు అంతే.

"నాకు తెలీదు," అన్నాడు నీల్.

"మీరు అడగలేదు."

డారెల్ ఒక సీసా నా చేతిలో పెట్టాడు. "ఆ మాటకి వీడి పళ్లు రాలగొట్టాలని నాకూ ఉంది. కానీ మనిషిని చూసి పెట్టే సంతకం సాక్ష్యం కాదు జెరెమయా."

"ఎవరికేశారో నేను చూడలేదు సార్."

"ఎవరు వేశారో చూశావు."

అతను తన కవరు తీసి అడ్డంగా చింపేశాడు. పొరపాటు పడితే పనికొస్తుందని ఇంకో జత ప్రింటు తీసి ఉంచుకున్నాడట. ఇద్దరూ దిగి బానెట్ మీద కాగితాలు పరిచారు. ఒకరు నింపుతుంటే ఒకరు అటు తిరిగారు. నవ్వలేదు. "పెన్ను," అన్నాడు నీల్. డారెల్ ఇచ్చాడు. వాళ్లు మాట్లాడుకున్నది అదొక్కటే.

కవర్లు రెండూ నేనే లోపలికి తీసుకెళ్లి ఇచ్చి, చీటీ తెచ్చాను. తిరిగి వచ్చేసరికి డారెల్ వెనక సీట్లో ఉన్నాడు. చెరో కిటికీలోంచి చూస్తున్నారు. నా పక్క సీట్లో చింపిన కవరు ఉంది, బయట పారెయ్యమని. నా పేరు రెండు ముక్కలైంది.

పారేసి వచ్చి బండి తీశాను.

"ఆమె పేరేమిటి, మీ భార్య?" అని అడిగాడు నీల్.

"బెల్టు పెట్టుకోండి సార్," అన్నాను.