మాణిక్యం అంటే కత్తిపీట

నేను ఒక కత్తిపీటను. పరిచయానికి అలా చెప్పుకున్నాను గానీ, మా సామర్లకోటలో నన్నా పేరుతో పిలిచి ఎన్నాళ్లయిందో! అందరూ నన్ను మాణిక్యం అంటారు. నిజానికది మా యజమానురాలి పేరు.

అప్పట్లో కత్తిపీట అంటే కత్తి నిటారుగా నిలబడే ఉండేది. ఓ పండగపూట వంటింట్లో హడావిడిగా తిరుగుతుంటే మాణిక్యమ్మ కాలివేలు తెగింది. ఆమె భర్త లక్కోజు భద్రాచారిది కొలిమి పని. ఇనుముతో పుట్టి పెరిగినవాడు, భార్య పాదం మీద రక్తం చూసి బెంబేలెత్తిపోయాడు. ఆ కంగారులోనే నేను పుట్టాను. పనయ్యాక కత్తి ఒద్దికగా మడుచుకుని పీట మీద పడుకునేలా అడుగున బందు వేశాడు. పీట అంచున ‘మాణిక్యం’ అని చెక్కాడు. ఆ పేరు ఇంకెవరూ వాడుకోకుండా రిజిస్టరు కూడా చేయించాడు.

నా వెనక తోబుట్టువులు వందలకొద్దీ పుట్టుకొచ్చారు. ఏ ఇంట విన్నా “ఆ మాణిక్యం ఇలా పట్రా!” అనే మాటే. భద్రాచారి మురిసిపోయేవాడు. చిక్కల్లా మాణిక్యమ్మకే. కూరల బజారుకెళితే చాలు, “మా మాణిక్యం మొద్దుబారిందొదినా”, “మాణిక్యానికి తుప్పుపడితే పాతసామాన్లవాడికి పడేశాను” అని చెవిన పడేది.

“ఏవండీ, నేనేం పాపం చేశానండీ?” అని ఆమె వాపోతే ఆయన పగలబడి నవ్వేవాడు.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. వరహాలశెట్టి అనే వ్యాపారి రేకులాంటి కత్తులతో మడత కత్తిపీటలు చేయించి, కొట్టు ముందు ‘మాణిక్యాలు దొరుకును’ అని బోర్డు పెట్టాడు. భద్రాచారి కోర్టుకెక్కాడు. వకీలు విశాలాక్షిగారు ముందే హెచ్చరించారు.

“పేరు మీదే ఆచారిగారూ. కానీ జనం నోట్లో నాని అది వస్తువుకే పేరైపోతే మీకు దక్కదు. ఇకనుంచైనా ‘మాణిక్యం కత్తిపీట’ అని నిండుగా అనండి, అనిపించండి.”

పాపం, బజారంతా తిరిగి మనిషి మనిషికీ చెప్పుకొచ్చాడు. “అదేలెండి, ఆ మాణిక్యమే!” అన్నారు అందరూ.

కోర్టులో మెడకో చీటీ కట్టి నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కనే శెట్టిగారి సరుకు. బోనెక్కిన మాణిక్యమ్మకు అవతలి వకీలు దాన్నే చూపించాడు.

“దీన్నేమంటారమ్మా?”

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఆమె తలొంచుకుని, “ప్రమాణం చేశాక అబద్ధమాడలేను బాబూ. మా వీధిలో దీన్నీ మాణిక్యమనే అంటారు. నేనూ అంటాను” అంది. అంతలోనే తలెత్తి, “కాకపోతే నాసిరకం మాణిక్యం” అని చేర్చింది. కోర్టంతా ఘొల్లుమంది.

ఆ మాటొక్కటే కాదు, మా కొట్టు బోర్డు మీద స్వయంగా భద్రాచారి రాయించిన ‘అన్ని సైజుల మాణిక్యాలు లభించును’ కూడా మా కొంప ముంచింది. పేరు ఊరుమ్మడి అయిపోయింది.

నన్ను ఇంటికి తెచ్చి వంటింట్లో పెట్టారు. భద్రాచారి మాత్రం కొలిమి మొహం చూడడం మానేశాడు. భార్యను పల్లెత్తు మాటనలేదు గానీ, పేరు పెట్టి పిలవడం కూడా మానేశాడు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

అలా ఉండగా ఒకావిడ శెట్టిగారి సరుకు చంకన పెట్టుకుని వచ్చింది. “మీ మాణిక్యం వంకాయ కూడా తెగనివ్వట్లేదండీ!”

“అది మాది కాదమ్మా. కొన్నచోటే అడుగు” అన్నాడు భద్రాచారి విసురుగా.

మాణిక్యమ్మ వచ్చి దాన్ని అందుకుంది. “నా పేరు చెప్పుకుని గుమ్మంలోకొచ్చింది. ఎలా వచ్చిందో అలాగే ఎలా పంపను? కొలిమి రాజెయ్యండి.”

ఆయన గొణుక్కుంటూనే లేచాడు. తిత్తి ఊదేకొద్దీ మొహంలో బిగువు సడలింది. కత్తి కాల్చి, సాగగొట్టి, సానబట్టి ఇచ్చాడు. ఆవిడ అక్కడే కూర్చుని ఆనపకాయ ముక్క తరిగి చూసుకుంది.

“అబ్బ! ఇప్పుడయిందండీ మాణిక్యం!”

భద్రాచారి సుత్తి పక్కన పెట్టి, లోపలికి తిరిగి కేకేశాడు. “విన్నావా, మాణిక్యం?”