మిరపకాయలు ఎత్తమన్న యంత్రం

సరోజన జనగామ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్. చేరిన కాడి నుంచి మైక్రోప్రాసెసర్లే చెప్పింది. కళ్లు మూసుకుని బోర్డు నింపగలదు. ఆ ఏడు సిలబస్ మారింది. మూడో సంవత్సరం పిల్లలకు యంత్రానికి ఉదాహరణలు చూపి నేర్పే మెషీన్ లెర్నింగ్ నువ్వే చెప్పాలన్నారు. సెలవులన్నీ చదివింది గానీ, చదివినకొద్దీ ఆ విద్య ముందుకు ఉరుకుతూనే ఉన్నది.

మొదటి క్లాసులో దాచకుండా చెప్పింది. "గిది నాకూ కొత్తనే. కలిసి నేర్చుకుందాం. పనికొచ్చేది ఒకటి చేసి చూపెట్టుండ్రి."

వెనుక బెంచీలో జమున లేచింది. మహబూబాబాద్ దిక్కు తండా పిల్ల, క్లాసులో ఎన్నడూ నోరు విప్పేది కాదు.

"మేడం, ఫోనుకు తెలుగు వస్తది, హిందీ వస్తది. మా లంబాడీ రాదు. నేర్పొచ్చా?"

సరోజన "చూద్దాం బిడ్డా" అన్నది.

జమున, ఆమె దోస్తు వీరేందర్ కాలేజీలోని లంబాడీ పిల్లలందరినీ మాట్లాడించి రికార్డు చేసిండ్రు. ప్రతి మాటకూ తెలుగులో అర్థం రాసి కంప్యూటర్‌కు ఇచ్చిండ్రు. మొదట్లో అది రాసిందంతా పిచ్చి రాతే. సరోజన వాళ్ల పక్కన స్టూలేసుకుని కూర్చుని, తప్పెక్కడుందో వెతికేది. కొన్నిసార్లు ఆమె దొరకబట్టేది, ఎక్కువసార్లు వాళ్లే.

ఎండాకాలం మొదట్లో, అది కొంత దారికొచ్చినంక, దాన్ని ఫోన్‌లో పెట్టుకుని ముగ్గురూ జమున తండాకు పోయిండ్రు. వాకిలి నిండా మిరపకాయలు ఎండుతున్నయి. జమున నానమ్మ సాలమ్మ గడపలో కూర్చుని ఉన్నది. నోట్లో పండ్లు లేవు. మనవరాలు ఫోన్ ముందు పెట్టి మాట్లాడమన్నది. ముసలామె దాన్ని పట్టించుకోలేదు. మెడ ఎత్తి చూసి, తన భాషలో గబగబా ఏదో అన్నది.

ఫోన్ మీద తెలుగు అక్షరాలు వచ్చినయి. "మబ్బు పట్టింది. మిరపకాయలు ఎత్తుండ్రి."

సరోజన తలెత్తింది. పడమటి దిక్కు నల్లగా కమ్ముకొస్తున్నది. నలుగురూ కలిసి కాయలు తట్టలకెత్తి లోపల పోసేసరికి వాన దంచింది.

తడిసిన చెంగు పిండుకుంటూ సరోజన అడిగింది. "పండ్లు లేని నోటి మాట మనం దానికి ఎన్నడన్నా వినిపించినమా?"

"లేదు మేడం. అన్నీ మా వయసోళ్ల గొంతులే."

"మరి ఎట్ల అర్థమైంది?"

సరోజన ఫోన్ వంకే చూస్తూ నిలబడ్డది. మైక్రోప్రాసెసర్‌లో ఏ అంకె ఎటు పోతదో వేలు పెట్టి చూపగలదు. ఇందులో వేలు పెట్టే చోటు లేదు. అయినా ఆ ముసలామె మాట దానికి చేరింది, దాని నుంచి తనకు చేరింది.

తర్వాత కాలేజీలో మాట్లాడి, రాత పరీక్ష మార్కుల్లో సగం, పిల్లలు చేసి చూపిన పనికి ఇప్పించింది. ప్రిన్సిపాల్ జగపతి ఒప్పుకోవడానికి చాన్నాళ్లు పట్టింది. ఈలోపు సరోజన జమున దగ్గర లంబాడీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. యంత్రం తప్పు రాస్తే తనకు తెలియాలె కదా అన్నది.