గేటు మీది మెడో

బావమరిది అడిగితే కాదనలేక గడ్డి కోసే మిషను ఎరువిచ్చాడు తోటమాలి. ఆ మహానుభావుడు దాన్ని రాళ్ళ మీద నడిపి, పళ్ళూడగొట్టి తెచ్చాడు. బాగయ్యేలోగా వానలు పట్టుకున్నాయి. అపార్టుమెంటు ముందు గడ్డి మోకాళ్ళ దాకా లేచింది.

"ఆదివారం మీటింగులో నీ సంగతి తేలుస్తా" అన్నాడు సెక్రటరీ, గడ్డిలో పోయిన చెప్పు వెతుక్కుంటూ.

ఉద్యోగం పోతే వాళ్ళుండే మెట్ల కింద గదీ పోతుంది.  తోటమాలి భార్య వాళ్ళక్కకి ఫోన్ చేసింది. ఆవిడ ఇంగ్లీషు టీచరు. ఆవిడతో వాదించి గెలిచినవాణ్ణి ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

మీటింగులో వదిన నేరుగా సెక్రటరీనే అడిగింది. "గేటు మీద ఏం రాయించారండీ?"

"మెడోస్. పేరు పెట్టింది నేనే."

"పొట్టిగా కత్తిరించేది లాను. పశువుల్ని తోలి మేపేది పాశ్చర్. మెడో అంటే గడ్డిని ఏపుగా ఎదగనిచ్చి, పూలు పూయనిచ్చి, ఏడాదికో కోత కోసి మేతకి ఎండబెట్టుకునే చోటు. మా మరిది మీ బోర్డు ప్రకారమే నడుచుకుంటున్నాడు."

అందరూ నవ్వారు. సెక్రటరీ గడ్డం గోక్కున్నాడు.

"బాగుందమ్మా. మరి ఏడాదికో కోతకి నెలజీతం మనిషెందుకు?"

వదిన మళ్ళీ లానూ పాశ్చరూ అంటూ మొదలెట్టింది.  

"నువ్వు కూర్చో వదినా" అని తోటమాలి లేచాడు. "అయ్యా, మిషను పాడైంది నా వల్లే. మావాడికి ఎరువిచ్చాను. కొడవలుంది, సాయంత్రానికి మీ లాను మీకప్పజెబుతా."

సగం కోసేసరికి జనం గట్టు మీద చేరారు. మిగిలిన గడ్డిలో తెల్లటి పూలు తలలూపుతున్నాయి. పిల్లలు మిడతల వెంట పడ్డారు. సెక్రటరీ తలెత్తి గేటు మీది బోర్డుకేసి చూశాడు.

"ఆగవయ్యా. ఆ మూల అలా ఉండనీ. బోర్డుకీ కాస్త పరువుండాలిగా."

అలా గది నిలిచింది. లానుకి ఒక పూట చాలు. మెడోతోనే వారమంతా చాకిరీ: చెత్త ఏరాలి, ముళ్ళమొక్కలు పీకాలి, వాలిన గడ్డిని లేపాలి, ఇంతా చేసి ఎవరూ చెయ్యి పెట్టనట్టే కనిపించాలి.

"వాళ్ళకింకే మాటలూ నేర్పకు వదినా" అన్నాడు నడుం పట్టుకుని.

"ప్రెయిరీ సంగతి ఇంకా చెప్పనేలేదు మరిదీ. అక్కడ గడ్డి కనుచూపు మేర ఉంటుంది" అంది వదిన.