ఎర్ర చుక్క పెట్టిన పెన్నీలు

ఒకచోట కుదురుగా కూర్చోవడం వెర్లిన్ హోస్టెట్లర్‌కు పుట్టుకతోనే రాలేదు. చర్చిలో ప్రార్థన మధ్యలో లేచి కిటికీ సర్దుతాడు. అన్నం ముందు నుంచి లేచి కుక్కకు నీళ్లున్నాయో లేదో చూసొస్తాడు. పంపుల ఫ్యాక్టరీ మూతపడి ఇంటిపట్టున ఉండాల్సి వచ్చాక ఆ జబ్బు మరీ ముదిరింది. భార్య ఆర్డిస్ అతన్ని కాలు కాలిన పిల్లి అని ఊరికే అనదు.

అలాంటివాణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టగలిగింది ఈ లోకంలో ఒక్కటే, పెన్నీల చుట్ట. బ్యాంకువాళ్లు పెన్నీలను, అంటే ఒక సెంటు నాణేలను, యాభై చొప్పున కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ చుట్టలు తెచ్చుకోవడం, కాగితం చించి పోసుకోవడం, ఒక్కొక్క నాణేన్నీ దీపం కింద భూతద్దంతో చూడటం, ఇదీ అతని వ్యసనం. టంకశాలవాళ్లు ఎప్పుడో చేసిన పొరపాటు వల్ల అచ్చు తేడాగా పడ్డ పెన్నీ దొరికిందంటే దాని విలువ వందల డాలర్లు. దొరకదు, అది వేరే సంగతి. కొండను తవ్వి ఎలుకను పట్టే పని అని ఆర్డిస్ దెప్పితే, ముందు ఆ ఎలుకను దొరకనివ్వమ్మా అనేవాడు ఎల్డన్.

ఎల్డన్ ప్రూయిట్ ఫ్యాక్టరీలో వెర్లిన్ పక్క మిషన్ మీద పనిచేసినవాడు. ఏళ్ల తరబడి ప్రతి గురువారం వెర్లిన్ వంటింటి బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని పెన్నీలు వెతికారు. వాళ్లకు రెండే కట్టుబాట్లు. కాగితం ఎవరు చించితే నాణెం వాళ్లది, ఇది మొదటిది. చూసేసిన పెన్నీలను, అవి తెచ్చుకున్న బ్యాంకులో మళ్లీ పోయకూడదు, ఇది రెండోది. పోస్తే ఆ ఎంగిలే తిరిగి తిరిగి మన చేతికి వస్తుంది. అందుకని మెయిన్ వీధి బ్యాంకులో కొనేవాళ్లు, వంతెన అవతలి బ్యాంకులో లెక్కపెట్టే మిషన్‌లో పోసేవాళ్లు. అంత జాగ్రత్త చాలక ఎల్డన్ తను చూసేసిన ప్రతి చుట్టలోనూ చివరి పెన్నీ మీద పెళ్లాం గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టేవాడు. ఎక్కడైనా ఎర్ర చుక్క కనబడితే అది ఎల్డన్ ఎంగిలి అని ఇద్దరికీ తెలుసు.

పోయిన శరదృతువులో ఒక గురువారం ఆ ఎలుక దొరికింది. వెర్లిన్ అలవాటు ప్రకారం కాఫీ కోసమని లేచాడు, కాఫీ పోసుకుని కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాడు, ఇటు తిరిగేసరికి ఎల్డన్ ఊపిరి బిగబట్టి భూతద్దం పట్టుకుని ఉన్నాడు. డెబ్బై రెండో సంవత్సరపు పెన్నీ. దాని మీద అక్షరాలన్నీ, తాగినవాడి కళ్లకు కనబడ్డట్టు, రెండేసిగా ఉన్నాయి. నాణెం మీది లింకన్ బొమ్మ గడ్డం పక్కన చిన్న ఆకుపచ్చ మరక. ఆ చుట్ట తన వైపు కుప్పలోది అన్నాడు వెర్లిన్. కుప్పలు రెండూ జారి కలిసిపోయాయి, కాగితం చించింది నేను, అన్నాడు ఎల్డన్. మాటా మాటా పెరిగింది. నువ్వు కుదురుగా కూర్చుని ఉంటే నువ్వే చించేవాడివి అని ఎల్డన్ అన్న మాట సూటిగా వెళ్లి తగలవలసిన చోట తగిలింది. వెర్లిన్ అతన్ని దొంగ అనేశాడు. ఎల్డన్ ఆ పెన్నీ జేబులో వేసుకుని, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

చలికాలమంతా గడిచింది. ఇద్దరూ మొండిఘటాలే. వెర్లిన్ ఒక్కడే చుట్టలు చించాడు, ఒక్కడే చూశాడు. ఒకసారి వెనక గోధుమ కంకుల బొమ్మ ఉన్న పాత పెన్నీ ఒకటి, తళతళలాడేది, దొరికింది. ఇదిగో చూడు అని తలెత్తితే ఎదురుగా ఖాళీ కుర్చీ. ఆ రోజు బల్ల ముందు నుంచి లేచినవాడు నిద్రపోయేదాకా మళ్లీ కూర్చోలేదు. ఎల్డన్ లేకుండా అతనికి ఏమీ బాగాలేదు. ఆ మాట ఎవరైనా అంటే మాత్రం కరవడానికి వచ్చేవాడు.

మార్చి నెలలో ఒక శుక్రవారం నాడు మెయిన్ వీధి బ్యాంకులో కౌంటరు అమ్మాయి లోర్నా, ఎప్పటి చుట్టలతో పాటు, చేత్తో చుట్టినది ఒకటి ఇచ్చింది. చేతి చుట్టలంటే వెర్లిన్‌కు ప్రాణం. ఏ ముసలమ్మ గల్లాపెట్టెలోంచి వచ్చాయో, ఏముందో ఎవరికి తెలుసు. ఇంటికొచ్చి దీపం కింద పెట్టి చూస్తే చివరి పెన్నీ మీద ఎర్ర చుక్క. తిప్పి చూస్తే రెండో కొస మీదా ఎర్ర చుక్కే.

వెర్లిన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తినే కంచంలోనే ఉమ్మినట్టు, ఎల్డన్ తాము కొనుక్కునే బ్యాంకులోనే ఎంగిలి పోస్తున్నాడన్నమాట. కావాలనే చేస్తున్నాడు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి తిరుగుతూ ఆ మాటే పదిసార్లు అన్నాడు. చించి చూస్తే పోలా అంది ఆర్డిస్. వాడు చూసేసింది నేను చూడటమేమిటని దాన్ని చూసేసిన పెన్నీల బకెట్‌లోకి విసిరికొట్టాడు.

శనివారం పొద్దున్నే బకెట్ వేసుకుని వంతెన దాటాడు. వారమంతా చూసేసిన పెన్నీలు మిషన్ నోట్లో కుమ్మరించాడు. ఆఖర్న ఎర్ర చుక్కల చుట్ట తీసి, కాగితం పరపరా చించి, కళ్లు పక్కకు తిప్పుకుని మరీ పోశాడు. మిషన్ గలగలమంటూ మింగేసింది. అయినా కసి తీరలేదు. తిన్నగా మెయిన్ వీధికి వచ్చి, ఆ ప్రూయిట్ తన ఎంగిలి ఇక్కడ పోయకుండా చూసుకోండని లోర్నా మీద విరుచుకుపడ్డాడు.

లోర్నా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “వెర్లిన్ గారూ, ఆయన ఇక్కడేమీ పోయలేదండీ. ఒకే ఒక్క చుట్ట తెచ్చారు. ఇంకెవరికీ ఇవ్వొద్దు, వెర్లిన్‌కే ఇవ్వు, నేనిచ్చానని చెప్పొద్దు అన్నారు. తీసుకెళ్లారా లేదా అని నిన్న ఫోన్ కూడా చేశారు.”

వెర్లిన్‌కు చెవుల్లో గలగల వినబడింది. ఎల్డన్ ఎప్పుడైనా ఒక్క చుట్ట వదిలించుకోవడానికి బ్యాంకు మెట్లెక్కాడా? చుక్క ఎప్పుడైనా రెండు కొసలా పెట్టాడా? ఇచ్చేస్తున్నానని నోటితో అనలేక, తీసుకోమని చేత్తో అందించలేక, ఆ పెన్నీని కాగితంలో చుట్టి పంపాడు. కాగితం ఎవరు చించితే వాళ్లదే కదా. వెర్లిన్ చించాడు. చించి, ఆకుపచ్చ మరక ఉన్న పెన్నీని మిషన్‌కు మేపి వచ్చాడు.

అవతలి బ్యాంకు శనివారం మధ్యాహ్నానికి మూసేస్తారు. సోమవారం తెల్లారగానే నాణేల బండి వచ్చి సంచులు పట్టుకుపోతుంది, ఆ తర్వాత ఆ పెన్నీ ఏ రాష్ట్రంలో తేలుతుందో దేవుడికే తెలియాలి. వంతెనకు ఇవతల రైలు గేటు పడింది. గూడ్సు బండి, దానికి అంతూ పొంతూ లేదు. వెర్లిన్ కారు దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగి గేటు దాకా వెళ్లి పెట్టెల్ని తిట్టి వచ్చాడు. వెనక ట్రక్కువాడు నవ్వుతుంటే వాణ్ణి కూడా తిట్టాడు. నోరు బండిని తిడుతోంది గానీ మనసు తిట్టుకుంటున్నది తననే. దొంగ అన్నాడు ఆ మనిషిని.

అవతలి బ్యాంకు పెద్దావిడ తలుపు మూయబోతుంటే అడ్డం పడ్డాడు. ప్రతివారం బకెట్లతో వచ్చి మిషన్ అరగదీస్తాడని ఆవిడకు అతనంటే ముందే మంట. పొద్దున పోసినవి తిరిగి కావాలని అడిగితే చేతులు నడుం మీద పెట్టుకుంది.

“ఇన్నేళ్లుగా పోయడమే చూశాను, కక్కించడం ఇదే మొదలు. నీ పుణ్యమా అని సంచి నిండింది, ఇప్పుడే మూతి కట్టాను. విప్పి ఏరుకోనివ్వను. కావాలంటే సంచి మొత్తం కొనుక్కుపో.”

జేబులో ఉన్నదంతా ఇచ్చి కొన్నాడు. అందులో తనవే కాదు, ఊళ్లోవాళ్లందరి చిల్లరా ఉంది. మోయలేక మోస్తూ కారులో పడేసి, ఇంటికి పోకుండా ఎల్డన్ ఇంటికి పోనిచ్చాడు.

తలుపు తీసిన ఎల్డన్ ముందు మనిషిని చూశాడు, తర్వాత సంచిని చూశాడు. చలికాలంలో చిక్కిపోయాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

“నీ చుట్ట చూడకుండా మిషన్లో పోసేశాను రా,” అన్నాడు వెర్లిన్. “ఎర్ర చుక్క చూసి ఎంగిలి అనుకున్నాను.”

“చుక్క పెట్టకపోతే నాదని నీకెలా తెలుస్తుంది?”

“తెలిసే పోశాను.”

ఎల్డన్ గుమ్మానికి ఆనుకున్నాడు. “కాగితం ఎవరు చించారు?”

“నేనే.”

“అయితే నీదే. పోగొట్టుకున్నా నీదే. మధ్యలో నన్నడగడం దేనికి?”

వెర్లిన్ సంచిని గుమ్మంలో దించాడు. “దీనికి కాగితం లేదురా. గుడ్డ సంచి. చించడానికేం లేదు.” సంచి ముడి సర్దాడు. “ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. నువ్వు దొంగవి కాదు.”

ఎల్డన్ వంగి సంచికి ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మోసుకెళ్లి వంటింటి బల్ల మీద బోర్లించారు. పెన్నీలు బల్లంతా పరుచుకుని, కొన్ని నేల మీదికి దొర్లాయి. ఎల్డన్ దీపం దగ్గరికి లాగి, సొరుగులోంచి భూతద్దాలు రెండు తీశాడు. ఒకటి తనది. రెండోది శరదృతువులో వెర్లిన్ బల్ల మీద నుంచి పొరపాటున తెచ్చేసుకున్నది. దాన్ని శుభ్రంగా తుడిచి ఉంచాడు.

వెర్లిన్ కుర్చీ లాక్కున్నాడు. ఒక గుప్పెడు ముందుకు జరుపుకున్నాడో లేదో, పొయ్యి మీద కాఫీ వాసన తగిలింది. అలవాటు ఎక్కడికి పోతుంది, లేవబోయాడు.

ఎల్డన్ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

“కాఫీ నేను పోసుకొస్తాను. నువ్వు మాత్రం లేవకు.”