దక్షిణానికి నాలుగు స్క్రూలు

ఆటోనగర్ గేటు దాటగానే వ్యాను ఎడమవైపు తిరుగుతుంది. వ్యాను లోపలున్న వంటగది తిరగదు.

సీతారావమ్మ స్టవ్ ముందు తూర్పు ముఖంగా నిలబడి ఉప్మా కలుపుతోంది. మలుపు తిరిగాక కూడా తూర్పు ముఖంగానే ఉంది. చుట్టూ ఉన్న రేకు మాత్రం చేతికి గాజు తిరిగినట్టు ఆమె చుట్టూ తిరిగి ఆగింది. ఇందాక ఎడమ పక్కనున్న కిటికీ ఇప్పుడు వీపు వెనక ఉంది. బీరువా రేకులోంచి మూరెడు బయటికొచ్చి రోడ్డు మీద పోతోంది. రేకు చిరగలేదు, తోవ ఇచ్చింది. స్కూటరు మీద వెళ్తున్న ఒకాయన తల వంచుకుని బీరువాని దాటుకుపోయాడు.

ఆ వెంటనే స్పీడు బ్రేకరు వస్తుంది. ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్న ఆమె మొగుడు నాంచారయ్య జానెడు ఎగిరి పడతాడు. మూకుడు మాత్రం కదలదు. అలమరలో గ్లాసుడు నీళ్ళున్నాయి, అవి కూడా తొణకవు. సీతారావమ్మకి ముచ్చటేస్తుంది. వాస్తు అంటే ఇలా ఉండాలి అనుకుంటుంది పాపం.

ఈ బండి ఎందుకో చెప్పాలి కదా. నాంచారయ్య నిద్రపోయి పదకొండు నెలలైంది.

తక్కువ నిద్ర కాదు, అసలు లేదు. ముప్పై ఏళ్ళు పార్సిల్ సర్వీసులో ఇదే వ్యాను తోలిన మనిషి. అక్కడ బండికి ఇద్దరు డ్రైవర్లు. ఒకడు తోలుతుంటే ఇంకొకడు వెనకాల పార్సిళ్ళ మీద పడుకుంటాడు. ఏలూరు రాగానే తోలేవాడు రేకు మీద రెండు దెబ్బలు కొడతాడు, పడుకున్నవాడు లేచి స్టీరింగు అందుకుంటాడు. ఒళ్ళు దానికే అలవాటు పడింది. ఉద్యోగం మానిన రోజు ఇంటికొచ్చి మంచం మీద వాలాడు. మంచం కదల్లేదు, నిద్ర రాలేదు. డాక్టరు బిళ్ళలిచ్చాడు. బిళ్ళలు డబ్బాలో హాయిగా నిద్రపోయాయి, ఈయన మేలుకునే ఉన్నాడు. కళ్ళకింది నలుపు రోజుకింత దిగి దిగి ఇప్పుడు చొక్కా రెండో గుండీ దాకా వచ్చింది. సీతారావమ్మ సబ్బు పెట్టి ఉతుకుతుంది, పోదు.

పక్కనున్న మనిషి కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తుంటే ఆమెకి మాత్రం కునుకెలా పడుతుంది? ఇంకో నెల ఇలాగే గడిస్తే ఈయన తనకి దక్కడని ఆమె భయం. ఆ మాట పైకి అనదు. అందుకే పార్సిల్ సర్వీసువాళ్ళు పాత వ్యాను అమ్మేస్తున్నారని తెలియగానే తనే ముందు పద పద అంది. లోపల మంచం, పొయ్యి పెట్టించి, ఇద్దరూ వంతులవారీగా తోలుకుంటూ తిరగొచ్చని లెక్క వేసింది. యాభై నాలుగేళ్ళ వయసులో స్టీరింగు పట్టి, క్లచ్చు తొక్కలేక మోకాళ్ళు వాచి, మొగుడిచేత నానా చీవాట్లూ తిని, లైసెన్సు కూడా తెచ్చుకుంది.

పని చేసింది ఆటోనగర్ వడ్రంగి మస్తాన్. మంచి పనిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అదే చిక్కు. ఆ రెండు నెలల్లో సీతారావమ్మకి వచ్చిన చదువు చిన్నది కాదు. వైర్లు ముందు లాగి ప్లైవుడ్ తర్వాత కొట్టాలి; వీళ్ళు ముందు ప్లైవుడ్ కొట్టారు, దాంతో కరెంటు తోవ తెలియక మూడు రోజులు తచ్చాడి ఇంకొకరి బండిలోకి పోయింది. పైన ఫ్యానుకి రంధ్రం కోశాక, ఊరంతా ఎండ కాస్తుంటే వాన ఆ రంధ్రాన్ని వెతుక్కుంటూ వచ్చింది. మంచం కొలత నిలబడ్డ మనిషికి తీయకూడదు. పడుకున్న మనిషి నిలబడ్డ మనిషికన్నా పొడుగుంటాడు, నిద్రపట్టని మనిషి ఇంకా పొడుగు. మంచాన్ని రెండుసార్లు పెంచాల్సి వచ్చింది. ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇవన్నీ సర్దుకునేవే. అసలు పొరపాటు వాస్తు దగ్గర జరిగింది.

అద్దెకున్న ఇంట్లో మెట్లు ఈశాన్యంలో ఉన్నాయి. మొగుడి నిద్రని ఆ మెట్లే మింగాయని సీతారావమ్మ నమ్మకం. ఈసారైనా సరిగ్గా ఉండాలని పట్టుబట్టి సిద్ధాంతి గారిని పిలిపించింది. తిరిగే బండికి వాస్తేమిటని నాంచారయ్య గొణిగాడు గానీ, పోట్లాడే ఓపిక ఆయనకెక్కడిది? సిద్ధాంతి గారు దిక్సూచి పట్టుకుని వ్యానులో నాలుగు అడుగులు ఇటూ నాలుగు అడుగులు అటూ నడిచారు. పొయ్యి ఆగ్నేయంలో, నీళ్ళ డ్రమ్ము ఈశాన్యంలో, బీరువా నైరుతిలో, తల దక్షిణానికి అన్నారు. పోతూ పోతూ మస్తాన్‌తో ఇంకో మాట చెప్పారు. ఇల్లు నేలకి కట్టేది కాదు, దిక్కులకి కట్టేది, గుర్తుపెట్టుకో అన్నారు.

మస్తాన్ గుర్తుపెట్టుకున్నాడు. పొయ్యి బల్లని వ్యాను అడుగుకి కాకుండా ఆగ్నేయానికి బిగించాడు. బీరువాని నైరుతికి బిగించాడు. మంచం తలవైపు దక్షిణానికి నాలుగు పొడుగు స్క్రూలు వేశాడు. దక్షిణం గట్టి చెక్క, రెండు డ్రిల్లు బిట్లు విరిగాయి. ఇంత గట్టి పని తను ఎప్పుడూ చేయలేదని చెప్పుకుని మురిసిపోయాడు.

ఇప్పుడు, ఆటోనగర్ గేటు దాటి కాస్త దూరం పోయాక, నాంచారయ్య బండి పక్కకి ఆపుతాడు. ఉప్మా తింటారు. ఆయన వెనక్కి వెళ్ళి పడుకుంటాడు, ఆమె స్టీరింగు ముందు కూర్చుంటుంది. రోడ్డు బాగుంది. ఆమె జాగ్రత్తగా నలభై, యాభై, అరవై దాకా పోనిస్తుంది. ఇప్పుడు పట్టేసి ఉంటుంది, ఇప్పుడు పట్టేసి ఉంటుంది అని ప్రతి మైలురాయి దగ్గరా అనుకుంటుంది. గురక వినపడుతుందేమోనని చెవి వెనక్కి పెట్టి తోలుతుంది.

వెనక నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది. మెల్లగా, కోపం లేకుండా.

"సీతా, బండి నడుస్తోందా?"

"అరవైలో పోతున్నామండీ."

"నాకేం తెలీటం లేదే. బండి పోతోంది గానీ, మంచం ఇంట్లోనే ఉంది."

ఆమె బండి ఆపి వెనక్కి వెళ్ళి చూస్తుంది. నిజమే. మంచం దక్షిణానికి బిగించి ఉంది. దక్షిణం ఎక్కడికి పోతుంది? దాని చోట అది ఉంటుంది. బండి ఎంత ఊగినా, ఎన్ని గుంతల్లో పడినా, మంచానికి ఏం పట్టదు. గ్లాసులో నీళ్ళు రాయిలా ఉన్నాయి. వాటిని చూస్తే ఇందాక తను పడ్డ ముచ్చట గుర్తొచ్చి సీతారావమ్మకి సిగ్గేస్తుంది. ఏడుపు కూడా వస్తుంది, కానీ ఏడవడానికి ఒంట్లో ఓపిక లేదు. రేపు తీరిక చూసుకుని ఏడుద్దామని, బండి వెనక్కి తిప్పుతుంది.

మస్తాన్ సంగతంతా విని తల గోక్కుంటాడు. తను చెప్పినట్టే చేశానంటాడు. చెప్పింది నువ్వే కదా అని నాంచారయ్య పెళ్ళాన్ని ఒక్క మాట అనడు. ఒక్క తిట్టు తిట్టినా ఆమెకి కాస్త తేలికగా ఉండేది. ఆయన రేకుకి ఆనుకుని కళ్ళు తెరుచుకుని కూర్చుంటాడు. నలుపు మూడో గుండీకి దిగుతోంది.

"దిక్కులకి కట్టించింది నేనే. నేనే విప్పిస్తున్నాను. విప్పెయ్ మస్తానూ," అంటుంది సీతారావమ్మ.

"మరి తల ఎటుంటుందో నేను చెప్పలేనమ్మా. రోడ్డు ఎటు తిరిగితే అటు. ఉత్తరానికి కూడా పోవచ్చు."

"పోనీ. ఆయన తల ఎటున్నా నాకు ఫరవాలేదు. కళ్ళు మూతపడితే చాలు."

ఈ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో మస్తాన్‌కి తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఉత్తరానికి తలపెట్టి ఒక్క పూట పడుకోలేదు.

ఆగ్నేయం తేలిగ్గా ఊడి వస్తుంది. మస్తాన్ దాన్ని వదిలేస్తే దాని చోటికి అది పోతుంది. ఈశాన్యం తడితడిగా ఉంది, నీళ్ళ డ్రమ్ము పక్కన ఉండటం వల్ల. నైరుతి బరువు, దాన్ని ఇద్దరు పట్టి దించాల్సి వచ్చింది. దక్షిణం దగ్గర మాత్రం పని ఆగిపోతుంది. స్క్రూల తలలు అరిగిపోయాయి, స్క్రూడ్రైవరు జారుతోంది. మస్తాన్ మంచాన్ని కాలితో తన్నిపట్టి గడ్డపారతో లాగుతాడు. ఇంకోసారి లాగుతాడు. స్క్రూలు రాలేదు. దక్షిణమే ఊడి వచ్చేసింది.

అది ఒక పరుపు చుట్ట అంత ఉంది. కాస్త వెచ్చగా ఉంది. ఊడిన చోట ఆటోనగర్ గోడ వెనకాల ఏమీ లేదు. ఎవరో అటు వెళ్ళబోయి, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డారు.

మస్తాన్ భయపడతాడు. ఇది అందరిదీ కదమ్మా, వాళ్ళకి ఇబ్బంది కదా అంటాడు. సీతారావమ్మ ఒక్క క్షణం ఆలోచిస్తుంది. జీవితంలో ఎవరి వస్తువూ ముట్టుకున్న మనిషి కాదు. దక్షిణాన్ని తన పాత నూలు చీరలో చుట్టి, దిండు కింద పెట్టి, మంచం కాళ్ళు వ్యాను అడుగుకి బిగించమంటుంది.

"ఆయన ఒక్క నిద్ర తీసి లేవగానే తెచ్చి ఇచ్చేస్తాను. అడిగినవాళ్ళకి నా పేరు చెప్పు."

నాంచారయ్య పడుకుంటాడు. ఇప్పుడు బండి ఎటు తిరిగినా ఆయన తల దక్షిణానికే ఉంటుంది, దక్షిణం బండిలోనే ఉంది కాబట్టి. ఆమె తలుపు వేయబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుంటాడు.

"ఏలూరులో లేపు. అక్కణ్ణుంచి నేను తోలతాను, నువ్వు పడుకుందువుగాని. నువ్వూ పడుకోలేదు కదే ఇన్నాళ్ళూ."

సరేనంటుంది.

మధ్యాహ్నం ఎండలో వ్యాను ఏలూరు రోడ్డెక్కుతుంది. రేకు గలగలమంటుంది, బీరువా తలుపు కొట్టుకుంటుంది, గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. గన్నవరం రాకముందే గురక మొదలవుతుంది. పదకొండు నెలల గురక అంతా ఒకేసారి వస్తోంది, వ్యాను పక్కరేకులు పొంగి దిగుతున్నాయి. సీతారావమ్మ స్టీరింగు మీద చెయ్యి తియ్యకుండా భుజంతో కళ్ళు తుడుచుకుంటుంది.

ఆమె కళ్ళు కూడా మూతలు పడుతున్నాయి. అందుకని వంతులు పెట్టుకుంది. గన్నవరం దాకా కుడి కన్ను తోలింది, ఎడమ కన్ను పడుకుంది. హనుమాన్ జంక్షన్ దాకా ఎడమ కన్ను.

అద్దంలో చూస్తే వెనకాల పెద్ద వరస ఉంది. గుంటూరు పోవాల్సిన మిరపకాయల లారీలు, తిరుపతి బస్సులు, మద్రాసు పోయే ట్యాంకర్లు, వాటిపైన ఒక కొంగల గుంపు, దక్షిణానికి వెళ్ళాల్సినవన్నీ ఆమె వెనకే వస్తున్నాయి. వాళ్ళకి చాలా ఆలస్యమైపోతోందని ఆమెకి తెలుసు. వరసలో మొదటి లారీ డ్రైవరు వ్యాను అద్దంలో ఆమె మొహం చూసి, లోపలి గురక విని, చెయ్యి హారన్ మీద నుంచి తీసేస్తాడు. అతని వెనకాయన కూడా తీసేస్తాడు. అలా చివరిదాకా అందరూ.

ఏలూరు కనిపిస్తుంది. ముందు నీళ్ళ ట్యాంకు, తర్వాత ఇళ్ళు. ఇచ్చిన మాట ప్రకారం సీతారావమ్మ చెయ్యెత్తి రేకు మీద కొట్టబోతుంది. తనకీ నిద్ర కావాలి. ఒళ్ళంతా దానికోసమే అడుగుతోంది. చెయ్యి అలాగే గాల్లో ఉంటుంది. కొట్టదు, దించదు.

ఏలూరు ఆమె చేతిని చూస్తుంది. నీళ్ళ ట్యాంకు కాస్త వంగుతుంది. తర్వాత ఊరంతా మెల్లగా లేచి, ఇళ్ళూ బజార్లూ సర్దుకుని, ఒక్క గిన్నె చప్పుడు కానివ్వకుండా, ఇంకో పన్నెండు కిలోమీటర్లు ముందుకి వెళ్ళి కూర్చుంటుంది.