నూకరత్నం ముట్టని ఒడ్డు

సముద్రం మోకాళ్ళ లోతే ఉంది, అయినా వైజయంతి తెప్ప మీద కూర్చుని తెడ్డు వేస్తోంది. అటు చూస్తే విశాఖపట్నం తీరంలా ఉంది, ఇటు చూస్తే చిన్నప్పుడు చదువుకున్న బడి వరండాలా ఉంది, ఆ వరండా స్తంభాల మధ్య నుంచి అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి దేన్నీ తడపకుండా వెళ్ళిపోతున్నాయి. తెడ్డు చాపితే అందేంత దూరంలో, చీర గోచీ పోసి కట్టుకుని, మైలపల్లి నూకరత్నం ఈదుతోంది. నూకరత్నం పోయి ఏడాది దాటిందన్న సంగతి వైజయంతికి కలలోనూ తెలుసు, కానీ అదంత పెద్ద విషయంగా అనిపించడం లేదు, పొరుగూరు వెళ్ళిన మనిషి పని ముగించుకుని తిరిగొచ్చినట్టే ఉంది.

"ఏటి పాపా, నన్ను గట్టెక్కించేసినావంట" అంటుంది నూకరత్నం, తల తిప్పకుండానే.

"ఎవరు చెప్పారు అప్పా?"

"ఎవులో ఒకలు సెప్తారు. సచ్చిపోయినోలికి కబుర్లు తెలవ్వనుకున్నావేటి?"

వైజయంతి తెడ్డు ఆపేస్తుంది. ఆపినా తెప్ప సాగుతూనే ఉంది.

పిచ్చివాళ్ళంటూ లోకం పక్కన పెట్టిన మనుషుల గురించి పుస్తకాలు రాయడం వైజయంతి పని. సాలీళ్ళ వెంట కొండలన్నీ తిరిగి, పెళ్ళి ముహూర్తం కూడా మరిచిపోయిన ఒక లెక్కల మాష్టారి గురించి రాసింది. జబ్బు చేసి గొంతు పోయాక, ఒట్టి చేతులతో, కళ్ళతో హరికథ చెప్పిన ఒక దాసుగారి గురించి రాసింది. ఆ తరవాత భీమిలి దగ్గరి పేటలో నూకరత్నం గుమ్మం ముందు వెళ్ళి కూర్చుంది. "గారూ గీరూ ఒద్దు, అప్పా అను" అని మొదటిరోజే తేల్చేసింది నూకరత్నం.

ఆ పేటలో ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు గానీ సముద్రంలోకి దిగరు. నూకరత్నం కూడా నలభై ఏళ్ళు దాటేదాకా గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగిన మనిషే. ఒకనాడు బేరం ముగించుకొచ్చి, గంప కడిగి బోర్లించి, తమ్ముడు అప్పలనర్సను పిలిచి ఈత నేర్పమంది. అతను నవ్వాడు. ఆమె ఒంటరిగా దిగింది, ఉప్పునీళ్ళు తాగింది, కక్కుకుంది, మర్నాడు మళ్ళీ దిగింది. పరువు పోతోందని మొగుడు వేరే ఊరు వెళ్ళిపోయాడు. నీటిపిచ్చి నూకాలు అని పేట పేరు పెట్టింది. ఏళ్ళు గడిచాక, తన పేట నుంచి విశాఖ బీచ్ దాకా ఈదుతానని చెప్పింది, నవ్విన తమ్ముడే అప్పుడు తెప్ప వేసుకుని వెనక వచ్చాడు. ఒడ్డున డప్పులు, దండలు, జనం. జనానికి ఆమె మొహం కనిపించేంత దగ్గరకు వచ్చి నూకరత్నం ఆగింది. వెనక్కి తిరిగింది. ఈదుకుంటూ తమ్ముడి తెప్ప దగ్గరకు పోయి, ఎక్కి, ఇంటికి వెళ్ళిపోయింది.

ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు. వైజయంతి అడిగినప్పుడల్లా "సెప్తాన్లే, కూకో" అని చేపల పులుసు వడ్డించింది. వచ్చే ఏడు మళ్ళీ ఈదుతానంది. పచ్చకామెర్లు వచ్చి, చెప్పకుండానే పోయింది.

"పదిమంది పిల్లలు చదివే పుస్తకమమ్మా, చివర్లో ఇలా నీరుగారిస్తే ఎలా?" అన్నారు పబ్లిషరు సదాశివరావు గారు. "నాలుగు బారల దూరమేగా. మీరు చేర్చండి." చాలా రోజులు వాదించి, చివరికి అలసిపోయి, వైజయంతి ఆ వాక్యం రాసింది: నూకరత్నం ఒడ్డును ముట్టింది.

ఇప్పుడు ఆ ఒడ్డు ఎదురుగా ఉంది. ఒడ్డంతా పుస్తకాల అంగడిలా అరలు అరలుగా ఉంది, అరల ముందు సదాశివరావు గారు ఒక బంతిపూల దండ పట్టుకుని ఎండలో చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు, పక్కనే దాసుగారు చేతులతో ఏదో కథ చెబుతున్నారు, ఆ చేతుల నీడ నీళ్ళ మీద పడి తెప్ప దాకా వస్తోంది.

నూకరత్నం ఈత ఆపి, తెప్ప అంచు పట్టుకుని, దాసుగారి వైపు చూస్తుంది.

"ఆ బాబుకి గొంతు పోయిందని రాసినావు గదా."

"రాశాను."

"పుస్తకం సివర్లో గొంతు తెప్పించినావేటి?"

"లేదు."

"మరి నాకేల ఒడ్డు తెప్పించినావు?"

వైజయంతి చెప్పబోయిన మాట నోట్లో ఉప్పగా తగులుతుంది. "నీ కోసమే అప్పా" అంటుంది చివరికి. "ఇంత చేసీ ఓడిపోయిందంటారని."

"అననీ. నా బతుకంతా అన్నారు. ఆగినానేటి నాను?"

ఆ మాటలో కోపం లేదు. తూకం సరిగా లేదని తిరిగి వచ్చిన కొనుగోలుదారుతో మాట్లాడినట్టు, నిదానంగా, అంగుళం తగ్గకుండా అడుగుతోంది.

"మగడు పోనాడని రాసినావు, పేటోళ్ళు ఎక్కిరించినారని రాసినావు, అయ్యన్నీ నిజిమే. అన్ని నిజాలు రాసి, సివర్న అబద్దం ఒకటి ఎడితే, ముందరివి ఎవులు నమ్ముతారు? నాను ఈదిందంతా గంగలో కలిసిపోద్ది."

"అయితే నువ్వే చెప్పు. ఎందుకు తిరిగావు?"

నూకరత్నం తడిచేత్తో మొహం తుడుచుకుంటుంది. అలలు వరండా మెట్ల దాకా వెళ్ళి, మెట్లు లెక్కపెడుతున్న పిల్లల్లా ఒక్కొక్కటీ ఆగి ఆగి దిగుతున్నాయి.

"కాలికి ఇసక తగిలింది" అంటుంది. "పొద్దున్నించి కాలికింద ఏటీ నేదు, ఒట్టి నీళ్ళే. ఒకపాలి ఇసక తగిలేసరికి బయిమేసింది. నిలబడిపోతే అయిపోద్ది గదా, పాపా. దండేసి ఫొటో తీసి ఇంటికంపేస్తారు. రేపు దేనికోసరం దిగాల?"

వైజయంతి గుండెలోంచి ఏదో బరువు దిగినట్టవుతుంది, ఇన్నాళ్ళూ వెతికింది ఇదే అనిపిస్తుంది, ఆ వెంటనే అనుమానం వస్తుంది. "ఇది నువ్వు చెబుతున్నావా అప్పా, నేను అనుకుంటున్నానా?"

"నాకేటి తెలుసు. కల నీది." నూకరత్నం పళ్ళు కనిపించేలా నవ్వుతుంది. "అప్పలనర్సని అడుగు. ఆడు తెప్ప మీద ఉన్నాడు. ఏటి సూసినాడో ఆడు సెప్తాడు."

"ఆయన మాట్లాడడు. నేను వెళ్ళగానే వల భుజాన వేసుకుని లేచిపోతాడు."

"మల్లీ ఎల్లు."

"మళ్ళీ వెళ్ళాను."

"అయినా ఎల్లు. పొమ్మంటే పోయే మనిసివైతే నా గుమ్మంకాడ అన్నాళ్ళు కూకునేదానివేటి? ఆడు కూడా సెప్పకపోతే తెలవదనే రాయి. తెలవదని రాస్తే సెయ్యి ఇరిగిపోద్దా?"

ఒడ్డు దగ్గరవుతోంది. ఎవరూ తెడ్డు వేయకుండానే దగ్గరవుతోంది, సదాశివరావు గారు దండ ముందుకు చాపారు. వైజయంతి ఇటు తిరిగేసరికి నూకరత్నం నీళ్ళలో లేదు, పొడి చీర కట్టుకుని, జుట్టు దువ్వుకుని, తెప్ప మధ్యలో బొమ్మలా ముడుచుకుని కూర్చుని ఉంది. ఆ కూర్చున్న తీరు ఆమెది కాదు. ఆమె ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"నన్ను మల్లీ నీళ్ళల్లో దింపీ" అంటుంది, ఈసారి గొంతు చిన్నది చేసి.

వైజయంతి ఆమె చంకల కింద చేతులు వేసి లేపుతుంది. మనిషి రాయిలా బరువుంది, తెప్ప ఒక పక్కకు ఒరుగుతోంది, ఒడ్డున అందరూ వద్దు వద్దంటున్నారు, భుజాలు పీకేస్తున్నాయి, అయినా పట్టు వదలకుండా అంచు దాకా లాగి, మెల్లగా, పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పటిలా పాదాల నుంచి దించుతుంది. నీళ్ళు నడుము దాటగానే ఆ బరువంతా పోతుంది. నూకరత్నం ఒక్కసారి మునిగి, దూరంగా తేలి, వెనక్కి చూడకుండా బార వేస్తుంది, ఇంకో బార వేస్తుంది, ఎక్కడో కండక్టరు ఈల వేస్తాడు.

వైజయంతి కళ్ళు తెరుస్తుంది. మధ్యాహ్నపు ఎండ బస్సు కిటికీలోంచి ఒళ్ళో పడుతోంది. ఒళ్ళో పుస్తకం ప్రూఫు, ఇవాళ ప్రెస్సుకు చేరాల్సింది. పక్క సీటావిడ ఊయల ఊగుతున్నట్టు కునుకు తీస్తోంది. బస్సు బీచ్ రోడ్డు మీద ఇంకా సగం దూరంలోనే ఉంది.

ఆమె చివరి పేజీ తీసి, కలం తీసి, ఆ ఒక్క వాక్యాన్ని అడ్డంగా కొట్టేస్తుంది. బస్సు కుదుపుకు గీత వంకరపోయింది, ఇంకోసారి గట్టిగా కొట్టి, సదాశివరావు గారికి ఫోన్ చేస్తుంది.

"ప్రూఫు ఇవాళ తేవడం లేదండీ. నూకరత్నం ఒడ్డు చేరలేదు. అలాగే వేయాలి."

"అలా అయితే నేను వేయలేనమ్మా" అంటారాయన.

"సరేనండీ. వేసేవాళ్ళను వెతుక్కుంటాను. ముందు అప్పలనర్స గారిని కలవాలి."

"ఆయన మీతో మాట్లాడడన్నారుగా?"

"మాట్లాడేదాకా కూర్చుంటాను."

ఫోన్ సంచిలో వేసి, వచ్చే స్టాపులో దిగి పేట వైపు వెనక్కి పోయే బస్సు ఎక్కాలని, కండక్టరును ఆపమని అడుగుతుంది. నిద్రలో చెప్పులు ఎప్పుడో జారిపోయాయి. తను బస్సెక్కినప్పుడు ముందు సీటు కింద చేపల గంప పెట్టుకున్న ఆవిడ ఎక్కడ దిగిపోయిందో, గంప ఆనవాలుగా తడి ఇసుక గుండ్రంగా మిగిలింది. చెప్పుల కోసం వెతుకుతున్న అరికాళ్ళకు ఆ ఇసుక చల్లగా, గరగరలాడుతూ తగులుతుంది. వైజయంతి ఆ ఇసుక మీదే కాళ్ళు ఆనించి లేచి నిలబడుతుంది.